గవరయ్య బుట్టలో మిగిలిన ఆకులు

పటాలు గీసేవాళ్ళు మరిచిపోయిన ఒకానొక రాజ్యంలో జనానికి నాటకాల పిచ్చి జాస్తి. యుద్ధం ఆటలు, ఏడుపు ఆటలు, దయ్యాల ఆటలు, భక్తి ఆటలు, ఏది పడినా రంగశాల కిటకిటలాడిపోయేది. ఆ రంగశాల గుమ్మంలో గవరయ్య అని ఒక తమలపాకులవాడు బుట్ట పెట్టుకుని కూర్చునేవాడు.

ఆట బాగుందో లేదో ఊరివాళ్ళు పండితుల్ని అడిగేవాళ్ళు కాదు. గవరయ్యనే అడిగేవాళ్ళు.

"గవరయ్య బాబాయ్, కొత్త యుద్ధం ఆట ఎలా ఉంది?"

"కత్తులు బాగా తిరిగాయిరా అబ్బాయ్. కథే ఉన్నచోటినుంచి కదల్లేదు. బుట్ట సగంలోనే ఖాళీ!"

"మరి ఆ దయ్యం ఆటో?"

"అయ్యో, దానికి తప్పక వెళ్ళండి. ఒక్క ఆకు అమ్ముడుపోతే ఒట్టు!"

ఆ లెక్కేమిటంటారా? ఆట రక్తి కడితే జనం కళ్ళు వేదిక మీదే ఉంటాయి, ఆకూ వక్కా గుర్తుకు రావు. విసుగు పుట్టిందంటే చేతులు వాటంతట అవే బుట్ట వైపు సాగుతాయి. కాబట్టి మంచి ఆట పడితే గవరయ్యకి బేరం ఉండదు. అయినా పాపం, మంచిదాన్ని మంచిదనే చెప్పేవాడు.

ఆ రాజ్యాన్ని ఏలే వీరకంఠ మహారాజుకి ఒకసారి తానే నాటకం రాయాలని బుద్ధి పుట్టింది. ఒక్కో ఆటకి ఒక్కో రసం ఏమిటి, అన్నీ ఒక్కదాంట్లోనే ఉండాలన్నాడు. యుద్ధం పెట్టాడు, శోకం పెట్టాడు, భక్తి పెట్టాడు. చాలలేదని వేదాంతం చెప్పే దయ్యాన్ని కూడా పెట్టాడు. ఆస్థాన పండితుడు అవధాన్లుగారు వినకముందే "ఆహా" అన్నారు.

"ఊళ్ళో ఎవడో ఆకులవాడు తీర్పులు చెబుతాడటగా, పిలిపించండి" అన్నాడు రాజు.

గవరయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పొద్దున సభామండపంలో మా నాటకం. అయిపోగానే నిండుసభలో నువ్వు తీర్పు చెప్పాలి. బాగాలేదన్నావో, రంగశాల గుమ్మంలో మళ్ళీ నీ బుట్ట కనబడకూడదు. భయపడి అబద్ధం పొగడ్త పొగిడావో, అప్పుడూ అంతే!"

ఆ గుమ్మమే గవరయ్యకి కూడు పెడుతోంది. అబద్ధమాడితే రాజు సంగతి అటుంచి, ఊళ్ళో అతని మాట ఇంకెవడు నమ్ముతాడు? కాసేపు బుర్ర గోక్కుని అన్నాడు.

"చిత్తం ప్రభూ. బుట్ట లేకపోతే నాకు మాట పెగలదు. దాన్ని తెచ్చుకోనివ్వండి. ఏలినవారి మోచేతి దగ్గర కూడా ఒక పళ్ళెం తమలపాకు చిలకలు పెట్టుకోనివ్వండి."

"ఇంతేనా? పెట్టుకో!"

మర్నాడు తలుపులు మూసి నాటకం మొదలెట్టారు. మొదటి అంకం యుద్ధం. రెండో అంకంలో యుద్ధంలో చచ్చినవాళ్ళ కోసం ఏడుపు. ఆ తర్వాత దయ్యం వచ్చి వేదాంతం ఎత్తుకుంది, ఎంతకీ దించదు. మంత్రిగారి చెయ్యి మెల్లిగా బుట్టలోకి పోయింది. వెనకాలే సేనాపతిగారిది. అవధాన్లుగారైతే "ఆహా" అనడానికి ఒకటీ, ఆవలింత ఆపుకోవడానికి ఒకటీ బుగ్గన పెట్టారు. గవరయ్య మాత్రం ఆటని చెవులకి వదిలేసి వేదికకేసి చూడనే లేదు. చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆట ముగిసింది. చప్పట్లు మోగిపోయాయి.

"ఊఁ, చెప్పవోయ్!" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

గవరయ్య ఖాళీ బుట్ట బోర్లించి చూపించి, తన లెక్క ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సభలో ఉన్నవాళ్ళంతా టక్కున నోళ్ళు మూసేసుకున్నారు. అవధాన్లుగారు ఉత్తరీయం మూతికి అడ్డం పెట్టుకున్నారు.

రాజు ముఖం జేవురించింది. "వీళ్ళకి రసజ్ఞత లేకపోతే తప్పు నాటకానిదా? నేను చూడలేదా కన్నార్పకుండా!"

"అందుకే ప్రభూ, తీర్పు నేను చెప్పను. తమరినే చెప్పమంటాను. ఒక్క అద్దం తెప్పించండి."

అద్దం వచ్చింది. రాజు నోరు తెరిచి చూసుకున్నాడు. నాలుక దానిమ్మగింజలా ఎర్రగా పండింది. పక్కకి తిరిగి చూస్తే పళ్ళెంలో ఒక్క చిలక లేదు!

"ఇదెప్పుడు తిన్నానోయ్?" అన్నాడు రాజు నెమ్మదిగా.

"దయ్యం వేదాంతం చెప్పేటప్పుడు ప్రభూ. తినమని నేననలేదు." గవరయ్య రెండడుగులు ముందుకొచ్చాడు. "కానీ ఆటలో ఒక్కచోట మాత్రం బుట్టలోకి ఒక్క చెయ్యి రాలేదు. తమరి చెయ్యి కూడా పళ్ళెం మీదే ఆగిపోయింది. చిన్న యువరాజు కాకరకాయ కూర తినలేక నాయనమ్మ తమలపాకుల పెట్టెలో దాచేస్తాడే, ఆవిడ తాంబూలం వేసుకుందామని పెట్టె తెరుస్తుందే, అక్కడ!"

రాజు అద్దం దించాడు. "అది... అది నిజంగా జరిగిందోయ్. మా నాయనమ్మే. వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"మిగతాది శాస్త్రం చూసి రాశారు ప్రభూ. అది నాయనమ్మని చూసి రాశారు."

రాజు ముందు చిన్నగా నవ్వాడు. తర్వాత ఎర్రటి నోరంతా కనబడేలా పగలబడి నవ్వాడు. అది చూసి మంత్రీ సేనాపతీ కూడా ధైర్యంగా ఎర్రటి నోళ్ళు తెరిచారు. దయ్యాన్నీ యుద్ధాన్నీ అక్కడికక్కడే కొట్టేయించి, నాయనమ్మ కథ ఒక్కటే రాస్తానన్నాడు రాజు.

తర్వాత గవరయ్యకి శాలువా కప్పి అన్నాడు: "మంచి ఆట పడితే నీకే కదటోయ్ నష్టం! ఇకనుంచి అలాంటి రోజు మిగిలిన ఆకులన్నీ కోటకే పంపు. మేం కొంటాం."

నాయనమ్మ ఆట పడిన రోజు గవరయ్య బుట్ట కట్టిన ముడి విప్పకుండానే కోటలోకి వచ్చింది. రాణిగారు దాన్ని చూసి, ఆట ఎలా ఉందని రాజుగారిని ఒక్క మాటైనా అడక్కుండా తాంబూలం చుట్టి ఇచ్చారు.