సన్నెమ్మ మూడు పిలుపులు

అనగనగా, కంప్యూటరు ఆన్ చేసి టీ తాగొచ్చినా అది ఇంకా నిద్ర లేవని రోజుల్లో, సన్నెమ్మ అని ఒకామె ఉండేది. ఆమె నాన్న గుడిసెలు కట్టేవాడు. ఆమె ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాములకి మరమ్మతులు చేసేది. కొత్తవి రాసినవాళ్ళకి సన్మానాలు, పాతవి బాగుచేసేవాళ్ళకి తలనొప్పులు. లోకం తీరే అంత.

ఆమె చేతికింద గాలి వేగం లెక్కగట్టే చిన్న ప్రోగ్రాము ఒకటుండేది. రాసినవాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేశారు.

"పాతబడిపోయింది, దీని బదులు కొత్తదొచ్చింది, తీసెయ్యమ్మా," అన్నాడు ఆఫీసు పెద్ద విస్సన్న.

"మా నాన్న పాత గుడిసె నడిమి గుంజ, నిట్రాడు పీకేముందు దానిమీద చెయ్యేసి మూడుసార్లు పిలిచేవాడండి. లోపల ఎవరైనా దానికి ఆనుకుని కూర్చున్నారేమోనని. నేనూ పిలుస్తాను," అంది సన్నెమ్మ.

ఆ ప్రోగ్రాము వాడేవాళ్ళు చూసేచోట రాసింది: "దీనికి ఎవరైనా ఆనుకుని ఉన్నారా?" పలుకు లేదు. మళ్ళీ పిలిచింది. ఆఫీసంతా నవ్వింది. మూడోసారి పిలిచింది. ఎక్కడో ఒక రేవులో సైరను చూసుకునే ఎర్రయ్య పలికాడు.

"ఉన్నాం తల్లీ. పెనుగాలొస్తే మా సైరను దీని లెక్క చూసే కూస్తాది. కొత్తది మా పాత మిషనుకెక్కట్నేదు. ఇది పోతే పడవలెక్కెళ్ళినోలకి కబురు చెప్పీదెవులు?"

సన్నెమ్మ తీయలేదు. ఆఫీసులోకి కొత్త మిషన్లు వచ్చినప్పుడల్లా ఆ ప్రోగ్రాము చెడేది, ఆమె బాగుచేసేది. "ఇక తీసేద్దామా?" అనేవాడు విస్సన్న. "ఇంకా ఉన్నారండి," అనేది ఆమె. ఏటా అదే మాట, అదే జవాబు. ఆమె జుట్టు నెరిసింది. ఒకనాడు కాలం చేసింది.

ఆ వారమే ప్రోగ్రాము మళ్ళీ చెడింది. చూసే దిక్కు లేదు. తీసేద్దామని విస్సన్న కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. ఆమె లేదన్న దిగులు అప్పుడు తెలిసింది. సిగ్గుపడుతూనే పిలిచాడు. పలుకు లేదు. మళ్ళీ పిలిచాడు. పలుకు లేదు. మూడోసారి పిలిచాడు.

"ఉన్నాం బాబూ," అన్నాడు ఎర్రయ్య. "పడవలు నీటిమీదున్నాయి. సైరను కూయట్నేదు. మబ్బు కమ్ముకొస్తంది."

విస్సన్న పెద్ద కుర్చీ ఎక్కాక మరమ్మతు పని ఎప్పుడో మరిచిపోయాడు. తడుముకుంటూ, తనని తానే తిట్టుకుంటూ, టీలు చల్లారబెట్టుకుంటూ బాగుచేశాడు. పొద్దుగూకకముందే సైరను కూసింది. పడవలన్నీ ఒడ్డు చేరాక గాలి విరుచుకుపడింది.

అప్పట్నుంచీ ప్రోగ్రాములు రాసేవాళ్ళు పాతది తీసేముందు మూడుసార్లు పిలిచి ఆగుతారట. ఎవరైనా "ఉన్నాం" అంటే చెయ్యి వెనక్కి తీసుకుంటారట. ఆ రేవులో సైరను కూస్తే ఇప్పటికీ సైరను అనరు. సన్నెమ్మ పిలుస్తోంది అంటారు. "వస్తన్నాం తల్లీ" అని పడవలు వెనక్కి తిప్పుతారు.