ఉరుకుందమ్మ రాయని సున్నా

ఆదోని దగ్గర ఒక పల్లెలో, లెక్కల్లో చురుకైనదే గానీ తొందర ఎక్కువైన ఉరుకుందమ్మ అనే ఇంటర్ అమ్మాయి ఉండేది. సింథటిక్ డివిజన్ ఆమెకు మంచినీళ్ల ప్రాయం. బహుపదిలోని గుణకాలు వరసగా పేర్చి, హెచ్చవేసి, కూడుకుంటూ పోయి, తోటివాళ్లు పెన్ను మూత తీసేలోపు విలువ చెప్పేసేది. ఒక్క పని మాత్రం చేసేది కాదు. బహుపదిలో ఏ ఘాతమైనా లేకపోతే దాని చోట సున్నా రాయాలి. ఆ సున్నాను మనసులో అనుకుని వదిలేసేది.

"సున్నా పెట్టమ్మా!" అని లెక్కల మాస్టారు నాగేంద్రప్ప మొత్తుకునేవారు.

"నాకు గుర్తుంటాది సార్. రాసేదెందుకు, టైం దండగ!" అని నవ్వేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరంతా సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతలకు, మూటలు కట్టుకుంది. "కాలేజీ హాస్టల్లో సీటొస్తే ఈడుండి సదువుకో. రాకుంటే మాతో నడువు. నిన్నొక్కదాన్నే ఇంట్లో ఇడిసిపెట్టి పోలేను" అన్నాడు తండ్రి. పాపం, అతనికి మాత్రం వేరే దారేముంది!

హాస్టల్లో ఒక్క సీటే మిగిలింది. ఉరుకుందమ్మకూ, రజియా అనే అమ్మాయికీ మార్కులు సమానం. ప్రిన్సిపాల్ మేడం ఇద్దరినీ పిలిచి బోర్డు మీద ఒక బహుపది రాశారు: 2x³ − 5x + 1.

"x మూడైతే దీని విలువెంత? సింథటిక్ డివిజన్‌తో చెయ్యండి. ఒకసారి చెప్పాక మార్చుకోవడం లేదు."

ఉరుకుందమ్మ చాక్‌పీసు అందుకుంది. రెండు, మైనస్ ఐదు, ఒకటి. మధ్యలో x² లేదన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టనే లేదు. గబగబా చేసి "నాలుగు" అంది. పక్కన రజియా ఇంకా సున్నా దిద్దుతూనే ఉంది. ఇంత నత్తనడకా అని ఉరుకుందమ్మకు నవ్వొచ్చింది కూడా.

చివరికి రజియా నెమ్మదిగా "నలభై" అంది.

"నలభయ్యే" అన్నారు మేడం.

ఉరుకుందమ్మ అప్పుడు చూసింది, రజియా రాసిన సున్నాను. "నాకొచ్చు మేడం! ఇంకో లెక్క ఇయ్యండి" అని ఏడ్చింది.

"నీకొచ్చని నాకూ తెలుసు తల్లీ. ఉన్నది ఒక్క సీటు. నేనేం చేసేది?" అన్నారు మేడం.

మర్నాడు ఉరుకుందమ్మ తండ్రితో పాటు సుగ్గికి పోయే లారీ ఎక్కింది. చేలో ఆమె కళ్లనీళ్లు చూసి, మిరప ఘాటుకే అనుకున్నారు తోటి కూలీలు. అక్కడుండగానే పరీక్షలు మొదలయ్యాయి, అయిపోయాయి కూడా.

చిన్న జాగ్రత్తను చులకన చేసినవారికి ఎంత తెలివి ఉన్నా, అవసరం వచ్చిన రోజున అది ఆదుకోదు.