రాడార్‌కి చిక్కిన బిరుదులు

సింహగడ రాజు చండభానుడికి ఓ పొద్దున్నే కోరిక పుట్టింది. పొరుగురాజు సరిహద్దులో రాడార్ పెట్టాడట, దాని కంట పడకుండా మన యుద్ధవిమానం వెళ్ళి రావాలి. కొత్తది కొందామంటే మాత్రం ఖజానా వైపు చూసి దగ్గాడు. ఉన్నదాన్నే కనిపించకుండా చేయమని విమానాల మేస్త్రీ గవరయ్యకి ఆజ్ఞ వేశాడు.

గవరయ్య నెల రోజులు తిండీ నిద్రా మానేశాడు. రెక్కల కింద వేలాడే బాంబుల్ని పొట్టలో దాచాడు. నిటారు తోకల్ని పక్కకి వాల్చాడు. ఒళ్ళంతా రాడార్ కిరణాల్ని మింగేసే పూత పూశాడు. ఎందుకు చేయడు? ఆ విమానం నడిపేది అతని సొంత కూతురు చిలకమ్మ. వచ్చే వారమే సరిహద్దు దాటాలి. కనిపించిందా, పిల్ల దక్కదు.

అంతా అయ్యాక సేనాపతి వీరభైరవుడు దిగాడు. తన పన్నెండు బిరుదులూ ఇత్తడి బిళ్ళల మీద చెక్కించి, చట్రాలతో సహా రెక్కలకి బిగించాడు. ఆ చట్రాల మూలలు రాడార్ కిరణాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతాయని గవరయ్య మొత్తుకున్నాడు. బిళ్ళ తీస్తే సైన్యాన్ని అవమానించినట్టేనన్నాడు సేనాపతి.

ఇంకేముంది, పరీక్షలో విమానం సొంత కోట రాడార్ తెర మీదే పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. తప్పంతా మేస్త్రీదేనని సేనాపతి తేల్చేశాడు. మర్నాడు ఇంకొక్క పరీక్ష, అదీ పోతే గవరయ్య కొలువు ఊడినట్టేనన్నాడు రాజు. చిలకమ్మ మాత్రం ఎలాగూ వెళ్ళాల్సిందేనట.

గవరయ్య సేనాపతి ముందు చేతులు కట్టుకుని, రేపు రాజుగారు చూస్తారు కదా, బిళ్ళలు విప్పి చింతపండు పెట్టి తోమిస్తానన్నాడు. సేనాపతి మీసం దువ్వుకుని సరేనన్నాడు.

మర్నాడు రాజూ సేనాపతీ రాడార్ గదిలో కూర్చున్నారు. తెర మీద ఒక చుక్క ధగధగా మెరిసింది.

"చూశారా ప్రభూ, మళ్ళీ దొరికిపోయింది," అన్నాడు సేనాపతి.

గవరయ్య వాళ్ళని బయటికి దయచేయమన్నాడు. ఎదురు కొండ మీద నలుగురు బంట్లు తాడు పట్టుకుని పెద్ద గాలిపటం ఎగరేస్తున్నారు. దానికి తళతళలాడుతూ పన్నెండు బిళ్ళలు వేలాడుతున్నాయి.

"మరి విమానమేదయ్యా?" అన్నాడు రాజు.

అప్పుడే చిలకమ్మ శిరస్త్రాణం చంకన పెట్టుకుని నడిచొచ్చింది. ఆ కొండ మీదుగానే మూడు చుట్లు తిరిగి దిగానని దణ్ణం పెట్టింది. రాడార్ చూసేవాడు తనకి ఒక్క చుక్కే కనిపించిందని ఒట్టేశాడు.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"విమానం దాక్కుంది ప్రభూ. దాక్కోనిది సేనాపతిగారి గొప్పతనం ఒక్కటే. వచ్చే వారం మా పిల్ల ఉత్తరపు కనుమలో దాటేటప్పుడు, వారిని దక్షిణపు కనుమలో ఈ గాలిపటం ఎగరేయమనండి. శత్రువు రాడార్ అటు నుంచి కన్ను తిప్పితే ఒట్టు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన చేతి కంకణం తీసి గవరయ్యకి తొడిగాడు. గాలిపటం తాడు తెప్పించి సేనాపతి చేతికిచ్చాడు.