అయిదు ఎర్ర టోపీలు

ఉదయం పది గంటలు. కొడైకెనాల్ సరస్సు మీద పొగమంచు ఇంకా విడలేదు, సన్నగా తుంపర పడుతోంది. పడవల రేవులో నిలబడి వనజాక్షి పిల్లల్ని లెక్కపెడుతోంది. ఆమెకు పిల్లల లెక్క మీద ఉన్న శ్రద్ధ పిల్లల మాట మీద ఉండేది కాదు.

ప్రొద్దుటూరు ఎండలకు తాళలేక ఆమె భర్త ఓబులేసు వ్యాను మాట్లాడి అందరినీ ఇక్కడికి తీసుకొచ్చాడు. తమ కొడుకులు ఇద్దరు, ఆడబిడ్డ పిల్లలు ముగ్గురు. అందరిలోకీ చిన్నవాడు వాళ్ళ రెండో కొడుకు, ఆరేళ్ళ ఓంకారు. కొత్త ఊరు, సెలవుల జనం. ఎవరు తప్పిపోతారోనని వనజాక్షికి గుండెదడ. అందుకే బయలుదేరే ముందు ఒకే ఎర్ర ఊలుతో అయిదు మంకీ క్యాపులు అల్లింది. గడ్డం దాకా లాగితే కళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఎంత జనంలో ఉన్నా ఎరుపు మాత్రం కనిపించేది. టీ తాగితే ఒకసారి, ఫోటో దిగితే ఒకసారి లెక్కపెట్టేది.

గంప కింద కోళ్ళను మూసేవాళ్ళు కూడా ఇన్నిసార్లు లెక్కపెట్టరని ఓబులేసు నవ్వేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. మధ్యలో ఎవరైనా నోరు తెరిస్తే, "మాట్లాడొద్దు, లెక్క తప్పుతుంది" అనేది.

పడవ షికారు బాగా సాగింది. తెడ్లు వేసి ఓబులేసు చేతులు పడిపోయాయి. పిల్లలు నీళ్ళు చల్లుకుని గోల చేశారు. దిగి రేవులో ఆడుకుంటుండగా తుంపర కాస్తా వానైంది. వనజాక్షి చేతికందిన పిల్లలనల్లా వ్యానులోకి ఎక్కించింది. ఆడబిడ్డ కూతురు సుహాసిని, "అత్తా, మన ఓంకారు టోపీ..." అనబోయింది. వనజాక్షి వేలు చూపి నోరు మూయించింది. అయిదు ఎర్ర టోపీలు. వ్యాను కదిలింది.

కొంత దూరం పోయాక వాన వెలిసింది. పైన్ చెట్ల కింద దుప్పటి పరిచి పులిహోర, ఊరమిరపకాయలు వడ్డించింది. అందరికన్నా చిన్నవాడు టోపీ కిందనుంచే ముద్దలు తోస్తున్నాడు. "తీసి తిను నాన్నా" అంటూ ఆమే టోపీ లాగింది.

లోపల ఉన్నది ఓంకారు కాదు.

"నా పేరు మునిరత్నం" అన్నాడు ఆ పిల్లవాడు కారానికి ముక్కు ఎగబీల్చుకుంటూ. "మాది చిత్తూరు."

"మా వ్యాను ఎందుకెక్కావురా?"

"మీరే చెయ్యి పట్టుకుని ఎక్కించారు పెద్దమ్మా. ఆ అక్క మాట్లాడబోతే వద్దన్నారు. అందుకే నేనూ మాట్లాడలేదు."

రేవులో ఓంకారు, ఈ పిల్లవాడు టోపీలు మార్చుకున్నారని, అదే చెప్పబోయానని సుహాసిని ఏడుపు గొంతుతో అంది. లెక్క సరిపోయేసరికి మళ్ళీ మార్చుకున్నారేమో అనుకుందట.

విస్తళ్ళు అక్కడే ఉండిపోయాయి. వ్యాను వెనక్కి తిరిగింది. దారిలో ఓబులేసు, పిల్లవాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడని అడిగాడు. పొద్దున తనే తొడిగింది. అయినా వనజాక్షికి గుర్తు రాలేదు. ఎర్ర టోపీ తప్ప ఏమీ గుర్తు రాలేదు. పక్కన సరస్సు నీళ్ళు కనిపిస్తుంటే కళ్ళు మూసుకుంది.

రేవు మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె ఒళ్ళో నీలం మంకీ క్యాపు పెట్టుకున్న ఓంకారు కాల్చిన మొక్కజొన్న కంకి కొరుకుతున్నాడు. పసుపు చొక్కా.

మునిరత్నం పరుగెత్తి ఆవిడ మెడకు చుట్టుకున్నాడు. వనజాక్షి కొడుకును, కంకితో సహా, గుండెకు హత్తుకుంది.

"ఆకలేస్తోందా అని గడ్డం పట్టుకుని అడిగాను. ముఖం చూస్తే మావాడు కాదు" అంది ఆవిడ. "నేను ఏడుపు మొదలుపెట్టాను. మీవాడే ధైర్యం చెప్పాడు. మా అమ్మ లెక్కపెడుతుంది, వచ్చేస్తుంది అన్నాడు."



ఆ మధ్యాహ్నం రెండు కుటుంబాలూ ఒకే చోట కూర్చుని వ్యానులో మిగిలిన పులిహోర తిన్నాయి. పిల్లలు టోపీలు ఇష్టమొచ్చినట్టు మార్చుకుని ఆడుకున్నారు. ఈసారి వనజాక్షి కూడా నవ్వింది.

ప్రొద్దుటూరు చేరేసరికి మళ్ళీ అదే ఎండ. ఇంటి గుమ్మంలో నిలబడి ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. గడ్డం ఎత్తి చూసి, ఏదో ఒకటి అడిగి, జవాబు విన్నాకే లోపలికి పంపింది. సుహాసిని కొండమీద చూసిన ఉడత కథంతా చెప్పింది. ఆమె చివరిదాకా విన్నది. ఓంకారు నోట్లో ముందు పన్ను లేదు.

"ఇదెప్పుడు ఊడిందిరా?"

"వెళ్ళే రోజే అమ్మా. చెప్పబోతే లెక్కలో ఉన్నావు."

ఆ పన్నెక్కడ పడేశాడో, నొప్పి పుట్టిందో లేదో అంతా అడిగింది. చివరగా మొగుడి గడ్డం కూడా ఎత్తి చూసింది. అందరూ వచ్చారు.

మనవాళ్ళు ఎందరున్నారో లెక్కపెట్టుకోవడం కాపాడుకోవడం కాదు. ముఖం చూసి, చెప్పేది వినడమే కాపాడుకోవడం.