అరిగిన నాణెం, ఊరి పేరు మరిచిన కొంగ

చాలా చాలా కాలం కిందట కుందనగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒక వేసవిలో ముగ్గురూ సముద్రతీరానికి విహారానికి వెళ్లారు. అక్కడ ఇసుకలో చిన్నవాడు వసుకీర్తికి ఒక రాగి నాణెం దొరికింది. రెండు వైపులా అరిగిపోయింది. బొమ్మ లేదు, చదవడానికి రాత లేదు.

"చింతపండుతో తోమితే అన్నీ కనిపిస్తాయిరా!" అంటూ పెద్దవాడు తోమాడు. తళతళ మెరిసింది గాని, ఉన్న కాస్త గీతా పోయింది. నడిమివాడు గీటురాయి మీద గీసి, "బంగారం కాదు, పారెయ్!" అన్నాడు.

కడుపు నిండినవాళ్ల తెలివి అంతే పిల్లలూ! మెరుపు చూస్తారు, వెల చూస్తారు. ఎన్ని చేతులు మారి అంత అరిగిందో అడగరు.

చిన్నవాడు నాణేన్నే అడిగాడు. "ఏ ఊరిదానివే నువ్వు?"

"మా ఊరిదే," అంది పక్కనే నీళ్లలో నిలబడ్డ ఒక కొంగ.

వసుకీర్తి ఉలిక్కిపడ్డాడు. "మీదే ఊరు?"

"అదే గుర్తు లేదయ్యా!" కొంగ కళ్లు నిండాయి. "నా పేరు మిరాళి. ఏడు సముద్రాల అవతల మా దీవి. మా నాన్న టంకసాలలో నాణేల అచ్చులు చెక్కేవాడు. నేను పక్కన దీపం పట్టేదాన్ని. పొద్దున్నే సుత్తి చప్పుడుకే మా వీధి నిద్ర లేచేది. అన్నీ గుర్తే, ఊరి పేరు తప్ప. ఒక మాంత్రికుడు దీవిని కాజేసి, మమ్మల్ని కొంగల్ని చేసి, ఆ పేరు అందరి తలల్లోంచీ చెరిపేశాడు. మళ్లీ అది వాడి నోట వస్తేనే శాపం పోతుంది. ఈ వేసవి దాటితే మాకు మాట కూడా పోతుంది. ఇక ఉత్త కొంగలమే!"

"పేరు ఈ నాణెం మీద ఉండేదా?"

"మూడక్షరాలు ఉండేవి. మీ అన్న తోమేశాడుగా!" అని విసుగ్గా ఇసుక పొడిచింది. అంతలో తలెత్తింది. "ఆగు! సుత్తి దెబ్బ లోహం లోపలిదాకా దిగుతుందనేవాడు మా నాన్న. నిప్పుల మీద పెట్టి చూడు."

వసుకీర్తి ఒకసారి కాల్చాడు, ఏమీ లేదు. రెండోసారి కాల్చాడు, ఏమీ లేదు. మూడోసారి నాణెం నల్లబడి, ఆ నలుపులో మూడు గుర్తులు ఎర్రగా తేలాయి.

"కే... లి... మ," కూడబలుక్కుంది కొంగ. "కేలిమ! మా ఊరు కేలిమ!" అని బావురుమంది.

కొంగ దారి చూపింది. వసుకీర్తి పడవలో ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడు గద్దె మీద ఉన్నాడు. పక్కన పంజరంలో చిలక. వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉందని కొంగ దారిలోనే చెప్పింది.

"ఏం కావాలిరా బుడతా?"

"ఈ దీవి పేరు చెప్పు తాతా."

"చచ్చినా నా నోట రాదు!"

"నీకెందుకులే శ్రమ," అని వసుకీర్తి పంజరం దగ్గర వంగి, "కేలిమ" అన్నాడు.

"నోరు ముయ్యవే!" అని మాంత్రికుడు అరిచేలోపే, చిలక కదా, "కేలిమ! కేలిమ! కేలిమ!" అంది. ప్రాణం పలికితే వాడు పలికినట్టే. మాంత్రికుడు పొగై పోయాడు.

కొంగలన్నీ మనుషులై నిలబడ్డాయి. ముసలివాళ్లు తమ గుమ్మాలు తడిమి చూసుకున్నారు. ఆ పేరు చెప్పుకోవడం కోసమే ఒకరిచేత ఒకరు "మీదే ఊరు?" అని అడిగించుకున్నారు. శాపంలో వయసు పెరగదు గనుక మిరాళి నాటి పడుచుగానే నిలిచింది. వసుకీర్తి ఆమెను పెళ్లాడాడు.

జనం కోరగా ఇద్దరూ కేలిమను అరవై ఏళ్లు ఏలారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని ఏ ఓడలో ఎవరు వచ్చినా ముందు అన్నం పెట్టేవారు. ఎవరు, ఏమిటి అన్నది ఆ తర్వాతే.