మింగి తెచ్చిన జొన్నగింజలు

ఒకప్పుడు చిలుకలు కూడా కాకుల్లాగే, పిచ్చుకల్లాగే తిండిని ముక్కున కరిచి తెచ్చేవి. మగచిలుకకి తల ఊపే పనే ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఎండిపోయిన ఒక తాటిచెట్టు తొర్రలో కొర్రమ్మ అనే చిలుక కాపురం పెట్టింది. కొర్రలంటే దానికి ప్రాణం, అందుకే ఆ పేరు. దాని మొగుడు వన్నెకాడు. మెడ చుట్టూ ఎర్రటి పట్టీ, పొడుగాటి తోక. ఇక నోరంటారా, తేనెపట్టే! పిల్లి గొంతయినా, పిట్ట గొంతయినా ఇట్టే పలికేసేవాడు. ఆ నోటికే కొర్రమ్మ పడిపోయింది. పాపం, అప్పటికి దానికి లోకం తెలియదు.

మాఘమాసం చలిలో కొర్రమ్మ నాలుగు గుడ్లు పెట్టింది.

చిలుకల్లో ఒక కట్టుబాటు ఉంది. గుడ్లు పెట్టిన తల్లి, పిల్లలు కళ్లు తెరిచేదాకా తొర్ర దాటకూడదు. చల్లారిన గుడ్డు మళ్లీ బతకదు మరి. అన్నాళ్లూ తిండి మొగుడే తెచ్చిపెట్టాలి.

"దిగులెందుకే పిచ్చిదానా! ఆ జొన్నచేనంతా తెచ్చి నీ ముందు పొయ్యనూ?" అన్నాడు వన్నెకాడు.

పోశాడు, మాటలు.

చేలో కంకి కరిచి బయల్దేరేవాడు, అది మాత్రం నిజమే. దారిలో గోరింక పలకరించేది. "ఏం వన్నెకాడా, ఇవాళ మరీ మెరిసిపోతున్నావు!" బదులు పలకకుండా వెళ్లడం వాడి ఒంట్లోనే లేదు. "అంతా మీ అభిమానం!" అని నోరు తెరిచేవాడు. కంకి కిందపడేది. చీమలకి పండగ. వెనక్కి వెళ్లి ఇంకోటి తెచ్చేవాడు. ఈసారి వడ్రంగిపిట్ట పలకరించేది. అదీ నేలపాలే.

చివరికి ఖాళీ ముక్కుతో తొర్ర దగ్గర వాలేవాడు.

"ఏం చెయ్యనే, జారిపోయింది. కానీ ఆ కంకులు చూడాలి! ఒక్కో గింజా పాలు కారుతోందనుకో."

"నాకు కంకుల ముచ్చట్లు వద్దయ్యా. ఒక్క గింజ పెట్టు. కళ్లు తిరుగుతున్నాయి."

"రేపు చూడు, నా తడాఖా!"

మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు. అట్లా ఎన్ని రేపులు వచ్చాయో, ఎన్ని పోయాయో! కొర్రమ్మ రొమ్ము ఎముక తేలింది. ఒంట్లో వేడి తగ్గింది. గుడ్లకి ఇవ్వడానికి దాని దగ్గరే లేదు.

ఒకరోజు పొద్దున ఒక గుడ్డులోంచి టక్ మని చప్పుడైంది. కొర్రమ్మ ప్రాణం లేచి వచ్చింది.

"ఏమయ్యోయ్! బిడ్డ కదిలింది! ఈ ఒక్క పూట నోరు మూసుకుని గింజ పట్టుకురా. నీకు పుణ్యముంటుంది."

"ఇదిగో, వెళ్లాను, వచ్చాను!" అని ఎగిరిపోయాడు.

పొద్దెక్కింది. పొద్దు వాలింది. చలిగాలి లేచింది. అవతలి చెట్టు మీద వన్నెకాడు పిల్లిలా మ్యావ్ మంటున్నాడు. గోరింకలు పకపకా నవ్వుతున్నాయి. ఆ నవ్వులు తొర్రలోకి వినబడుతూనే ఉన్నాయి.

ఇక ఆగలేక కొర్రమ్మ కట్టుబాటు దాటింది. చేనుకి వెళ్లి పది గింజలు తిని రివ్వున తిరిగొచ్చింది. అప్పటికే గుడ్లు చల్లగా ఉన్నాయి. అయినా వాటి మీదే కూర్చుంది. ఐదు రోజులు, పది రోజులు కూర్చుంది. మళ్లీ టక్ మనలేదు.

"ఏడవకే, మళ్లీ పెడతావులే," అన్నాడు వన్నెకాడు.

కొర్రమ్మ వాడి కాలు పట్టుకుని రక్తం వచ్చేలా కొరికింది. మంచి పని చేసింది.

ఏడాది తిరిగింది. వన్నెకాడు మళ్లీ వచ్చి కొమ్మ మీద వాలాడు. "నువ్వు లేకుండా ఉండలేనే," అన్నాడు.

"అక్కడే ఆగు. నీ ముక్కున ఉన్నది ఇల్లు చేరదు. ఈసారి మింగి తీసుకురా. నీ కడుపులో పడ్డది తీసి నాకు పెట్టు. అప్పుడు చూద్దాం."

"మింగింది ఎలా తియ్యనే?"

"నా కడుపులోంచి నేను నాలుగు తీశాను. నువ్వు నాలుగు గింజలు తియ్యలేవా?"

వన్నెకాడు రెక్క విప్పాడు. చేనుకి వెళ్లి గింజలు మింగాడు. వచ్చి మెడ సాచాడు. తల పైకీ కిందకీ ఊపాడు. గొంతు మెలితిరిగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికి గింజ పైకొచ్చింది. కొర్రమ్మ ముక్కులో ముక్కు పెట్టి తీసుకుంది. వాడు ఆశగా దగ్గరికి జరిగాడు. టపీమని పొడిచింది.

"ఇంకా," అంది.

ఆ ఏడాది మూడు పిల్లలు అయ్యాయి. వన్నెకాడు మురిసిపోయాడు. కొర్రమ్మ మూడింటినీ ఒక్కొక్కటిగా చూసింది.

"టక్ మన్నది వీటిలో లేదు," అంది.

అప్పటినుంచే మగచిలుక జతకట్టే ముందు తల పైకీ కిందకీ ఊపి, మింగిన గింజ పైకి తెచ్చి ఆడచిలుక నోట్లో పెడతాడు. పెట్టందే అది దగ్గరికి రానివ్వదు. పెట్టినా ఒక పోటు పొడుస్తుంది. ఇంట్లో పెంచుకునే చిలుకలదీ ఇదే తంతు. పంజరంలో గిన్నె నిండా గింజలున్నా, ఆడది మాత్రం వాడి గొంతు వైపే చూస్తూ కూర్చుంటుంది.