యేసుపాదం బ్లాకు

తారకం గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, సొరుగు తీస్తారు. జిల్లా పత్రికలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి, ఇప్పుడు కొత్తవాళ్ళకి పని నేర్పుతున్న ఆ పెద్దాయన తీరే అంత.

ఆ వేళ కొత్తగా చేరిన హైమ, తన వార్త కోసం, క్వారీ దుమ్ము మీద పోరాడుతున్న ఒక అంగన్‌వాడీ టీచరు ఫొటోల్లోంచి వేలెత్తి అరుస్తున్నదాన్ని ఏరింది. ఆయన వద్దనేసరికి చిన్నబుచ్చుకుంది.

"ఆవిడ మాటలు పొల్లుపోకుండా రాశాను కదండీ. ఫొటో ఏదైతేనేం?"

తారకం గారు సొరుగులోంచి అరచేతిలో ఇమిడే చెక్క దిమ్మ తీసి ఆమెకిచ్చారు. దాని మీది జింకు రేకులో ఒక మనిషి ముఖం, నోరంతా తెరుచుకుని ఉంది.

"యేసుపాదం. కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరు" అన్నారు. ఆయన గొంతు మెత్తబడింది. సీసపు అక్షరాల వాసన, సిరా అంటిన వేళ్ళతోనే తాగిన టీ, ఆ రోజులంటే ఆయనకి ఇప్పటికీ బెంగ. అప్పట్లో ఫొటో అచ్చు వేయాలంటే ఇలాంటి బ్లాకు బెజవాడ వెళ్ళి చేయించుకురావాలి. అందుకని మనిషికి ఒక్కటే బ్లాకు. ఎన్నిసార్లు వార్తల్లోకి వస్తే అన్నిసార్లూ అదే.

కాలువ గట్టు లోపల నానిపోతోందని యేసుపాదం మూడేళ్ళు చెబుతూ వచ్చాడు. నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాడు. తారకం గారు ప్రతి మాటా రాశారు, ప్రతిసారీ పక్కన ఈ ముఖం వేశారు. జనం "మళ్ళీ మొదలెట్టాడు" అని పేజీ తిప్పేశారు. నాలుగో ఏటి వానలకి గట్టు తెగి పల్లపువీధి మునిగింది. అతను చెప్పిందే నిజమైందని రాసిన వార్త పక్కనా ఇదే బ్లాకు. మర్నాడు టీ కొట్టు దగ్గర జనం అనుకున్నది తారకం గారు చెవులారా విన్నారు.

"ఆ మొహం చూడు. కసికొద్దీ వీడే తెంపి ఉంటాడు."

నెల తిరక్కుండా యేసుపాదం పెళ్ళాం బిడ్డలతో ఊరు వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

హైమ బ్లాకుని వెలుతురులోకి తిప్పి చూసింది. "ఇంత కోపంగా ఎవరి మీద అరుస్తున్నాడండీ?"

"కోపమేమిటమ్మా? గడ్డి పడవ మీద కూర్చుని ఇద్దరు పిల్లలు వస్తున్నారు. వంతెన వస్తోంది, తలలు వంచుకోమని కేకేశాడు."

తారకం గారు బ్లాకు వెనక్కి తీసుకుని, దాని అంచుని బొటనవేలితో నిమిరారు.

"ఇందులో పట్టదని, ఫొటోలోంచి పడవని నేనే కత్తిరించాను."